దీర్ఘం లేని మెసేజ్

దిల్‌సుఖ్‌నగర్‌లో వేదవతి మేడమ్ సెంటర్ ఎక్కడని అడిగితే, చెప్పుల షాపు మీద డీటీపీ, డీటీపీ మీద మేడమ్ అని చెప్పేవారు. ఆ రెండో అంతస్తుకి చేరే చివరి ఏడు మెట్ల మీద ఆవిడ పసుపు రంగుతో ఒక్కో మాట రాయించింది. విజయానికి ఏడు మెట్లట. మంచి మాటల్ని చెప్పుకాళ్ళతో తొక్కుకుంటూ రావడం ఏం మర్యాదని ఒక పెద్దమనిషి అడిగితే, తొక్కకుండా పైకెలా వస్తారో మీరే చెప్పండని ఆయన నోరు మూయించింది.

మొదటి మెట్టు మీద 'నోరు మంచిదైతే ఊరు మంచిది' అని ఉండేది. ఆ మాటంటే ఆవిడకి ప్రాణం. నాలుగో మెట్టు మీద 'అడగనిదే అమ్మైనా పెట్టదు' అని రాయించింది గానీ, మలుపు దగ్గర అందరి కాళ్ళూ అక్కడే పడి పన్నెండేళ్ళలో ఆ అక్షరాలు అరిగిపోయాయి. మళ్ళీ రంగు వేయించాలి అంటూనే ఉండేది, వేయించలేదు.

తెనాలి నుంచి భర్త ఉద్యోగం వెంట వచ్చిన మనిషి వేదవతి. ఆయన పోయాక దిగాలుపడి కూర్చోకుండా, స్పోకెన్ ఇంగ్లీషు, పర్సనాలిటీ డెవలప్‌మెంట్ నేర్పే ఈ సెంటర్ పెట్టింది. ఉద్యోగంలోనైనా సంసారంలోనైనా గెలిచేవాడు మాటతోనే గెలుస్తాడని ఆవిడ నమ్మకం. అందుకని ఇంగ్లీషుతో పాటు తెలుగు కూడా ఉతికి ఆరేసినట్టు ఉండాలనేది. క్లాసులో ఎవరైనా 'ఏంది' అన్నారా, లేచి నిలబడి 'ఏమిటి' అని మూడుసార్లు అనాల్సిందే. నల్గొండ పిల్లలు, మహబూబ్‌నగర్ పిల్లలు సిగ్గుతో చచ్చిపోతూ అనేవారు. తాను మాట్లాడేదీ ఒక యాసేనని, దాని ఊరు తెనాలి అని ఆవిడకి ఏనాడూ తోచలేదు. ఎవరి వీపు వాళ్ళకి కనబడదు కదా.

అలా మూడుసార్లు అని, ముప్ఫైసార్లు అని, చివరికి ఆ క్లాసుకే టీచరైన పిల్ల జ్యోతిక. ఆర్టీసీ డ్రైవర్ అంతయ్య కూతురు. దేవరకొండ దగ్గరి పల్లె వాళ్ళది, అల్మాస్‌గూడలో కిరాయికి ఉంటారు. ఆరేళ్ళ కిందట చేరినప్పుడు పేరు అడిగితే చెప్పడానికి గొంతు పెగల్లేదు. ఇప్పుడు 'అలాగేనండీ', 'చూస్తాలెండి' అంటుంటే కృష్ణా జిల్లా పిల్లేమో అనుకునేవాళ్ళు. ప్రతి కొత్త బ్యాచికీ వేదవతి ఆమెని చూపించి, సక్సెస్ అంటే ఇదిగో ఇలా ఉంటుంది అనేది. జ్యోతిక నవ్వుతూ నిలబడేది. ఆ నవ్వు వెనక ఏముందో ఆవిడ అడగలేదు, ఈ పిల్ల చెప్పలేదు. సగం మంది పిల్లలు ఇప్పుడు జ్యోతిక కోసమే వస్తున్నారని మాత్రం వేదవతికి తెలుసు.

రెండువేల పదకొండు సెప్టెంబరులో ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు డిపోల్లో ఉండిపోయాయి, బడులు మూతపడ్డాయి, కరెంటు ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో చెప్పేవాడు లేడు. హాస్టళ్ళలో ఉండే పిల్లలు సంచులు సర్దుకుని ఊళ్ళకి వెళ్ళిపోయారు. నలభై కుర్చీల క్లాసులో పదిమంది, తర్వాత ముగ్గురు మిగిలారు. రెండేళ్ళుగా వరస బంద్‌లతో సెంటర్ ఎలాగూ కుంటుతోంది. మూలిగే నక్క మీద తాటిపండులా, నెలాఖరుకి ఖాళీ చెయ్యమని ఓనరు కబురు పెట్టాడు. వేదవతికి అప్పుడు భయమేసింది. యాభై రెండేళ్ళ వయసులో మళ్ళీ కింది మెట్టు దగ్గర నిలబడే ఓపిక ఆవిడకి లేదు. సెంటర్ పోతే తానెవరో కూడా ఆవిడకి తెలియదు. పొద్దున లేచి ఎవరికి ఏం నేర్పాలి, ఎవరు తనని మేడమ్ అనాలి అని తలుచుకుంటే ముద్ద దిగేది కాదు.

ఆ భయంలో ఒకే ఒక్క ఆశ కనబడింది. చెన్నైలోని ఒక మందుల కంపెనీ, తెలంగాణ జిల్లాల్లో కొత్తగా చేర్చుకునే రిప్రజెంటేటివ్‌లకి ఏడాది పొడుగునా మాట్లాడడం నేర్పే సెంటర్ కోసం వెతుకుతోంది. ఎల్బీనగర్ రింగురోడ్డు దగ్గర ఒక హోటల్లో, గురువారం పదకొండు గంటలకి డెమో క్లాసు. ఇంగ్లీషుకి ఒకరు, తెలుగుకి ఒకరు, ఇద్దరు ట్రైనర్లు ఉండి తీరాలి. ఒక్కరు లేకపోయినా ఆ సెంటర్‌ని పక్కన పెట్టేస్తామని ఉత్తరంలోనే రాశారు. ఈ పని దొరికితే సెంటర్ బతుకుతుంది. దొరక్కపోతే ఇక అంతే.

ఇంగ్లీషు తాను, తెలుగు జ్యోతిక చెప్పేటట్టు డెమోకి ముందు వారం రిహార్సల్ పెట్టుకున్నారు. మిగిలిన ముగ్గురు పిల్లల ముందు జ్యోతిక, మందుల షాపు ఓనరుతో మాట్లాడే రిప్రజెంటేటివ్‌లా నిలబడి, "అన్నా, గీ గోళీలు ఎట్ల పోతున్నయే?" అని మొదలుపెట్టింది. పిల్లల మొహాలు వెలిగాయి. వేదవతి చెయ్యెత్తి ఆపేసింది. ఆ కంపెనీ కుర్రాళ్ళు పోయేది దేవరకొండ, సూర్యాపేట షాపులకే కదండీ, అక్కడ 'ఏవండీ' అని మొదలుపెడితే ఎవరు దగ్గరికి రానిస్తారని జ్యోతిక నెమ్మదిగానే చెప్పి చూసింది. ఊరు ఏదైనా మంచి భాష మంచి భాషేనంది వేదవతి. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. నోటికి పన్నెండేళ్ళ అలవాటు కదా, "ఎలా అని మూడుసార్లు అనమ్మా," అనేసింది. పాఠం చెప్పే టీచర్ని, ఆ పాఠం వినే పిల్లల ముందు.

జ్యోతిక అనలేదు. "మా అమ్మ మాట మర్చిపోతేనే మెట్లెక్కుతమంటే, నాకొద్దు మేడమ్ ఆ మెట్లు," అని బ్యాగు తీసుకుని, ఏడు మెట్లూ దిగి వెళ్ళిపోయింది.

నాలుగు రోజులు వేదవతి గుమ్మం వైపు చూస్తూ కూర్చుంది. ఐదో రోజు, రెండు షేర్ ఆటోలు మారి అల్మాస్‌గూడ వెళ్ళింది. జ్యోతిక ఇంట్లో లేదు. సమ్మెలో ఉన్న ఆర్టీసీ వాళ్ళు నిరసనగా రోడ్డు మీదే వంటావార్పు చేస్తుంటే, తండ్రితో అక్కడికి పోయిందట. తల్లి సుమిత్రమ్మ కుర్చీ వేసి, చాయ్ పెట్టి, మీరు లేకపోతే మా పిల్లకి ఇంత తెలివెక్కడిదని మనసారా పొగిడింది. గొడవ సంగతి ఆమెకి తెలుసో లేదో వేదవతికి అంతుపట్టలేదు. ఇంతలో సుమిత్రమ్మ ఫోను మోగింది. "ఆ అక్కా, ఒస్తలే, ఒస్తలే," అని పెట్టేసింది. ఆమె ఎక్కడికో బయల్దేరాలి కాబోలని వేదవతి చాయ్ గబగబా తాగేసి లేచి నిలబడింది.

"ఏంది మేడమ్, లేసిండ్రు? కూసోండ్రి," అంది సుమిత్రమ్మ.

"మీరు వెళ్ళాలి కదండీ. ఫోన్లో వస్తానన్నారుగా."

సుమిత్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఒస్తలే అంటే రానని మేడమ్. మా దాంట్ల గంతే."

వేదవతి మళ్ళీ కూర్చుంది. తెనాలిలో 'వస్తాలే' అంటే తప్పకుండా వస్తాను, కంగారు పడకు అని. ఇక్కడ 'ఒస్తలే' అంటే రావడం లేదని. పన్నెండేళ్ళలో ఎంతమంది పిల్లలు ఫోన్ చేసి 'ఇయ్యాల ఒస్తలే మేడమ్' అన్నారో, వస్తామని చెప్పి ఎగ్గొట్టారని మర్నాడు ఎంతమందిని నిలబెట్టి చీవాట్లు పెట్టిందో ఒక్కసారిగా గుర్తొచ్చింది. మాట మీద నిలబడని వాడు జీవితంలో పైకి రాడని వాళ్ళకి లెక్చరు కూడా ఇచ్చింది. ఒక్కడైనా నాకు చెప్పలేదే అనుకుంది గానీ, నేను ఒక్కసారైనా అడగలేదే అనుకోలేదు. తప్పు నాదేనని మీ అమ్మాయికి చెప్పండి అనే మాట గొంతు దాకా వచ్చింది, పెదవి దాటలేదు. గురువారం, పదకొండు గంటలు, హోటల్ పేరు చీటీ మీద రాసి సుమిత్రమ్మ చేతిలో పెట్టి వచ్చేసింది.

మంగళవారం సాయంత్రం, గురువారం నగరం బంద్ అని ప్రకటించారు. చెన్నై ఆఫీసరు రామస్వామి బుధవారం దిగి, గురువారం సాయంత్రమే వెళ్ళిపోవాలి. తేదీ మార్చడం కుదరదు, రాగలిగినవాళ్ళు రండి అన్నాడు.

వేదవతి ఇల్లు ఎల్బీనగర్‌లోనే, హోటల్‌కి నడిచి వెళ్ళే దూరం. జ్యోతిక మాత్రం అల్మాస్‌గూడ నుంచి రావాలి. గురువారం పొద్దున ఏడున్నరకి చీర కుచ్చిళ్ళు సర్దుకుంటుంటే ఫోన్లో మెసేజ్ వచ్చింది. జ్యోతిక నుంచే. ఆ రోజుల్లో చిన్న ఫోన్లలో తెలుగు లిపి ఎక్కడిది, ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు కొట్టేవాళ్ళు. మెసేజ్‌లో రెండే మాటలున్నాయి. మొదటిది వి, ఏ, ఎస్, టి, హెచ్, ఏ, ఎల్, ఈ. రెండోది మేడమ్.

ఇంగ్లీషు 'ఏ'కి దీర్ఘం ఉండదు. దీర్ఘం పెట్టి చదివితే వస్తాలే, పిల్ల వస్తుంది. దీర్ఘం తీసి చదివితే వస్తలే, పిల్ల రాదు.

పది రోజుల కిందటైతే వేదవతి రెండో ఆలోచన లేకుండా వస్తుందనే అనుకునేది. కానీ ఇప్పుడావిడ సుమిత్రమ్మ ఇంట్లో కూర్చుని కొత్తగా నేర్చుకున్న మనిషి. పైగా వ్యాకరణం తెలిసిన మనిషి. వస్తానని చెప్పదలిస్తే జ్యోతిక 'వస్తాలెండి' అనేది. ఆ 'లెండి' తానే నేర్పింది. ఇన్నేళ్ళలో ఆ పిల్ల దాన్ని ఒక్కసారి కూడా వదల్లేదు. లెండి లేదంటే ఇది నా తెలుగు కాదు, వాళ్ళ తెలుగు. వాళ్ళ తెలుగులో దీనర్థం రానని. ఎక్కడా పొల్లు పోకుండా తేలిపోయింది. వేదవతి మంచం అంచున కూలబడింది. ఎందుకొస్తుంది, నేను ఏ మొహం పెట్టుకుని పిలిచానని వస్తుంది అనుకుంది.

జ్యోతిక నంబరు నొక్కింది. మోగేలోపే కట్ చేసింది. మళ్ళీ నొక్కి, మళ్ళీ కట్ చేసింది. ఈ ఒక్కసారైనా ఆ పిల్ల మాటని దిద్దకుండా, అన్నది అన్నట్టు ఒప్పుకోవాలని తనకి తాను చెప్పుకుంది. అది గౌరవమో, బిడియమో, పాత అహంకారమే కొత్త చీర కట్టుకుని వచ్చిందో ఆ క్షణాన ఎవరు తేల్చగలరు. తెలుసుననుకున్న మనిషిని మించిన చెవిటి మనిషి లోకంలో లేదు.

రోడ్డు మీద నరమానవుడు లేడు. షట్టర్లన్నీ దించి ఉన్నాయి. కూడలిలో పోలీసు వ్యాను, దానికవతల కాలిన టైరు మరక. హోటల్ చేరేసరికి పది. రామస్వామి మెత్తని మనిషి, నుదుట విభూతి, తెలుగు తడుముకుంటూ మాట్లాడతాడు. ఆరో మెట్టు మీద 'చెడు కబురు ముందే చెప్పు' అని రాయించుకున్న వేదవతి, ఆయన కుర్చీ చూపించేలోపే చెప్పేసింది, రెండో ట్రైనర్ రావడం లేదని. ఆయన అయ్యో అని, పదకొండు దాకా చూద్దామా అన్నాడు. అక్కర్లేదండీ, రానని మెసేజ్ పెట్టింది అంది వేదవతి. అలాగైతే కాగితం మీద రాసివ్వండి, తర్వాతి సెంటర్ వాళ్ళు ఈ హోటల్లోనే దిగారు, వాళ్ళని ముందు పిలుస్తాను, దారులు మూసేయకముందే నేనూ ఎయిర్‌పోర్టుకి బయటపడాలి అన్నాడు ఆయన.

ఆవిడ రాసిచ్చింది. ట్రైనర్ రానన్నందువల్ల మా సెంటర్ తప్పుకుంటోందని. అక్షరాలు ఎప్పటిలాగే ముత్యాల్లా వచ్చాయి. పది గంటల ఇరవై నిమిషాలకి పన్నెండేళ్ళ సెంటర్ ముగిసిపోయింది.

కిందికి దిగి హోటల్ మెట్ల మీదే కూర్చుండిపోయింది. ఇల్లు చేరి ఏం చెయ్యాలో తెలియడం లేదు. ఎవరూ లేరు కదాని మొహానికి కొంగు కప్పుకుని ఏడ్చింది. ఎంతమందికో ధైర్యం నూరిపోసిన మనిషి, తనకంటూ ఒక్క చుక్క మిగుల్చుకోలేదు.

పదిన్నర దాటి పావుగంటైంది. ఖాళీ రోడ్డు మీద ఎవరో పరిగెత్తుకుంటూ వస్తున్న చప్పుడైతే కొంగు తీసి చూసింది. గంజి పెట్టిన నూలు చీర, దాని అంచంతా దుమ్ము, చేతిలో చెప్పులు. జ్యోతిక. పొద్దున ఏడింటికి ఇంట్లోంచి నడక మొదలుపెట్టిందట. కర్మన్‌ఘాట్ దగ్గర ర్యాలీ అడ్డమైంది, సాగర్ రింగురోడ్డు దగ్గర పోలీసులు ఆపారు, పరుగులో చెప్పు తెగింది.

"టైముకే వచ్చేశాను కదండీ," అంది రొప్పుతూ, అచ్చం మేడమ్ నేర్పిన తెలుగులో. మొహంలో రిహార్సల్ నాటి కోపం ఆనవాలు కూడా లేదు.

వేదవతి చటుక్కున లేచింది. ఆ పిల్ల మణికట్టు పట్టుకుని పైకి పరిగెత్తింది. లోపల వేరే సెంటర్ వాళ్ళు డెమో మొదలుపెట్టేశారు. రామస్వామి బయటికి వచ్చి జ్యోతిక పాదాల వైపు చూశాడు, తర్వాత వేదవతి వైపు చూశాడు. పొరపాటైందండీ, పావుగంట ఇవ్వండి, పోనీ ఐదు నిమిషాలివ్వండి, ఈ పిల్ల మాట్లాడేది ఒక్కసారి వినండి అని వేదవతి బతిమాలింది. ఇంగ్లీషూ పోయింది, ఉతికి ఆరేసిన తెలుగూ పోయింది, వట్టి చేతులు జోడించి నిలబడింది. ఆవిడ రాసిచ్చిన కాగితం చెన్నైకి ఫ్యాక్స్ వెళ్ళిపోయిందని, సొంత చేతిరాతతో తప్పుకున్న వాళ్ళని మళ్ళీ కూర్చోబెడితే తన ఉద్యోగానికే మాటొస్తుందని ఆయన చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆయనా బాధపడ్డాడు.

తలుపు మూయబోతూ ఆగి, "మీరు ఫోన్ చేసి కనుక్కోలేదా మేడమ్?" అన్నాడు. దెప్పడానికి కాదు, నిజంగానే అర్థం కాక అడిగాడు.

కిందికి వచ్చాక ఏమైందని జ్యోతిక అడిగింది. వేదవతి ఫోన్ తీసి మెసేజ్ చూపించింది. రానని రాశావుగా అంది. జ్యోతిక ఫోన్ అందుకుని మొదటి అక్షరం మీద వేలు పెట్టింది.

"మా దాంట్ల అయితే ఓ తోని రాస్తుంటి మేడమ్, ఒస్తలే అని. ఇది వీ తోని రాసిన, సూడుండ్రి. మీకు అర్థం గావాల్నని మీ తెలుగులనే పెట్టిన."

"లెండి లేదే," అంది వేదవతి.

"నడుసుకుంట కొట్టిన. మీరు ఫోన్ల మీ చెల్లెతోని గట్లనే అంటరు గద, వస్తాలే, కంగారు పడకు అని. గదే యాదికొచ్చింది."

వేదవతి, నేను మీ తెలుగులో చదివానమ్మా అంది. మీ అమ్మ దగ్గర నేర్చుకున్నాననుకున్నాను అంది. ఒకరింటికి ఒకరు బయల్దేరి, దారిలో ఒకరినొకరు చూసుకోకుండా దాటిపోయినట్టయింది వాళ్ళ పని. నవ్వొచ్చే సంగతే, ఇంకెవరికైనా జరిగి ఉంటే.

జ్యోతిక నవ్వలేదు. "తప్పు జదివిండ్రు, గది పోనియ్యుండ్రి. కని నేను రానంటె నమ్మిండ్రు గద మేడమ్. రెండు నిమిషాలు లేటయితే పదిసార్లు ఫోన్ జేసి తిట్టెటోళ్లు నన్ను. ఇయ్యాల ఒక్కసారి గూడ చెయ్యకపోతిరి."

వేదవతి రెండుసార్లు నొక్కి కట్ చేశానని చెప్పబోయింది. అది ఇంకా పెద్ద తప్పులా వినబడుతుందని ఊరుకుంది.

ఇద్దరూ ఎల్బీనగర్ చౌరస్తా దాకా నడిచారు. నా చెప్పులు వేసుకోమ్మా అని వేదవతి విప్పబోతే జ్యోతిక వద్దని తలూపింది. ఎండ ముదిరింది, తారు కాలుతోంది. సాగర్ రోడ్డుకి మలుపు రాగానే జ్యోతిక ఆగింది. ఇక్కడ వదిలేస్తే ఈ పిల్ల మళ్ళీ కనబడదని వేదవతికి గట్టిగా అనిపించి, భయమేసింది. కాంట్రాక్టు పోయినప్పుడు కూడా అంత అనిపించలేదు. సెంటర్ సామాను సర్దాలి, బోర్డు దించాలి, ఆ మెట్ల మీది రాతలు చెరపాలి, ఏదో ఒక పని చెప్పి పిలవాలనుకుంది. చివరికి పని పేరేమీ చెప్పకుండానే అడిగింది.

"రేపు ఒకసారి సెంటర్‌కి వస్తావామ్మా?"

"ఒస్తలే మేడమ్."

ఈసారి నోటితో అన్న మాట. 'ఒ' అనేది స్పష్టంగా వినబడింది. దీర్ఘం లేదు, అనుమానానికి చోటే లేదు. అయినా వేదవతి, పన్నెండేళ్ళలో మొదటిసారి, అడిగింది.

"అంటే ఏందమ్మా?"

జ్యోతిక కళ్ళు నిండిపోయాయి. లేచి నిలబడి మూడుసార్లు 'ఏమిటి' అనమనే హక్కు ఇప్పుడు ఆ పిల్లకుంది. అనలేదు.

"రానని, మేడమ్," అని చెప్పి, తెగిన చెప్పులు చేతిలోనే పట్టుకుని సాగర్ రోడ్డు వైపు నడిచి వెళ్ళిపోయింది.